ఉల్ఫ్ నామార్థ నిర్ణయం

దుఖాన్ చమురు క్షేత్రంలో గొట్టాల అతుకులు పరీక్షించడానికి నియుక్తుడైన స్వీడన్ దేశస్థుడు విమానం దిగకముందే అతని పేరుకు అర్థం దిగింది. దించినవాడు శేషాచలం.

శేషాచలం కంపెనీలో తనిఖీ విభాగపు గుమాస్తా. సంస్కృతంలో పట్టా పుచ్చుకున్నవాడు. నూనె ధర ఒక్క చలికాలంలో నాలుగింతలై లోకమంతా కతారు వైపు తల తిప్పిన మరుసటి ఏడాది తానూ తల తిప్పి, వెల్డింగు రాడ్లకూ ఎక్స్‌రే ఫిల్ములకూ లెక్క రాసే కొలువులో కుదిరాడు. కొలువు దేహానికి మాత్రమే. చుట్టూ జనం నూనె కోసం భూమిని తవ్వుతూ ఉంటే, ఆయన ఆత్మ పేర్ల కింద తవ్వుతూ ఉండేది. మనిషి పేరు వింటే చాలు, గుణం చెప్పగలడని కంపెనీ క్వార్టర్లలో ప్రతీతి. ఆ ప్రతీతికి మూలపురుషుడు కూడా ఆయనే.

కొత్త ఇన్‌స్పెక్టరు పేరు ఉల్ఫ్ అని తెలిసిన సాయంత్రమే కంపెనీ లైబ్రరీలోని లావుపాటి నిఘంటువును ఆయన పీఠం మీదికి దింపించి, చేతులు కడుక్కుని మరీ తెరిచాడు. ఇంటికి వచ్చేసరికి ముఖం దిగ్విజయం చేసి వచ్చిన రాజు ముఖంలా ఉంది.

"తోడేలు, లలితా. ఆ ఉత్తరదేశాల పాత భాషలో ఉల్ఫ్ అంటే తోడేలు. మన వృకమూ అదీ ఒకే గర్భాన పుట్టిన మాటలు. అంటే వస్తున్నవాడు సాక్షాత్తూ వృకోదరుడు. భీమసేనుడు."

లలితకుమారి చపాతీ కాలుస్తోంది. వెనక్కి తిరగలేదు.

"అయితే భోజనానికి పిలవకండి. ఉన్నది ఒక్కటే గ్యాసు బండ."

తీరా దిగిన భీమసేనుడు సన్నగా, పొడుగ్గా, కొంచెం వంగి ఉన్నాడు. ముక్కు మీద మచ్చలు, ఎండ తగలగానే కందిపోయే చెవులు. కరచాలనం చేస్తూ, "నన్ను ఉల్ఫ్ అనండి చాలు. మా దేశంలో సార్ అనడం ఈమధ్య మానేశాం" అన్నాడు. అధికారిని పేరు పెట్టి పిలవడమంటే శేషాచలానికి పాదరక్షలతో గర్భగుడిలోకి అడుగుపెట్టడమే. మధ్యేమార్గంగా "మిస్టర్ ఉల్ఫ్" అన్నాడు. దారికి అడ్డం వచ్చిన ఒంటెల మంద దాటేదాకా ఉల్ఫ్ హారను మోగించకుండా జీపులో చేతులు కట్టుకుని కూర్చున్నప్పుడు కూడా శేషాచలం సిద్ధాంతం చెక్కుచెదరలేదు. వేటకు ముందు తోడేలు మెత్తగానే నడుస్తుంది.

గొట్టం దుఖాన్ నుంచి తూర్పుగా పోతుంది. దాని కోసం తవ్విన కాలువ గట్టున మనిషి నడుమంత లావున్న పైపులను కట్టెమొద్దుల మీద వరసగా పేర్చారు. పైపుల అంచులు గ్రైండర్‌తో అరగదీయడం, రెండింటి మూతులు దగ్గరికి తెచ్చి బిగించడం, వెల్డింగు, మళ్ళీ గ్రైండింగు. ఆ తరువాత ఉల్ఫ్ మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న అద్దం, టార్చి పట్టుకుని అతుకు లోపలికి చూస్తాడు. సుద్దతో గుర్తు పెడితే గొట్టం కాలువలోకి దిగుతుంది. పెట్టకపోతే కోసి మళ్ళీ అతకాలి. అతని కళ్ళెదుట బిగించని అతుకును పాతిపెట్టడానికి వీల్లేదని కంపెనీ షరతు.

ఆ పని చేయించే కాంట్రాక్టరు మేనేజరు ఆనందరావు. బాపట్ల వైపు మనిషి, ఇంజనీరు. చెడ్డవాడు కాదు, ఆలస్యమైపోయిన మంచివాడు. ఒప్పుకున్న తేదీ దగ్గర పడుతుండటంతో ముందు టీ విరామం ఎత్తేశాడు, తరువాత మిట్టమధ్యాహ్నపు విరామం ఎత్తేశాడు. ఇక ఎత్తేయడానికి ఎండ ఒక్కటే మిగిలింది. అది ఆయన చేతిలో లేదు.

ఉల్ఫ్ షెడ్డులో ఫిల్ములు చూసుకుంటున్న ఒక మధ్యాహ్నం హన్మాండ్లు పడిపోయాడు. గ్రైండర్ పట్టుకుని పైపు అంచు మీద వంగి ఉన్నవాడు వంగినట్టే ముందుకు ఒరిగాడు. చక్రం ఇంకా తిరుగుతోంది. పక్కనున్న రాజేశం, ఆ ముఠాకు మేస్త్రీ, కాలితో వైరు లాగి గ్రైండర్ ఆపకపోతే దవడ పోయేది. ఇద్దరిదీ జగిత్యాల దగ్గర పక్కపక్క ఊళ్ళు. నీళ్ళు చల్లారు. హన్మాండ్లు కళ్ళు తెరిచాడు గాని చెమట పట్టడం మానేశాడు. చర్మం ఎండిన తోలులా వేడిగా ఉంది.

ఆనందరావు వ్యాను అద్దం దించాడు. "నీడకు లాగండి. ఇంకొకణ్ణి పెట్టండి. మళ్ళీ పడ్డాడంటే ఊరికి పంపించేస్తాను. ఇక్కడ ఏదన్నా అయితే ఎవడు చెప్పుకుంటాడు సమాధానం." అద్దం ఎక్కింది.

మర్నాడు హన్మాండ్లు మళ్ళీ గ్రైండర్ పట్టుకున్నాడు. పెదవులు పగిలి ఉన్నాయి. రాజేశం పొద్దున్నే శేషాచలం బల్ల దగ్గరికి వచ్చి, తలకు చుట్టుకున్న రుమాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"పంతులు సారూ, జెర ఆ తెల్లసారుకు చెప్పుండ్రి. పగటీలి పని బందువెట్టిస్తె సాలు. మల్లొకసారి పడ్డడంటె హన్మాండ్లు లేవడు. నేను సూసిన గదా వాని కండ్లు."

శేషాచలం కలం మూత పెట్టాడు. జాలి కలిగింది, కాని జాలికంటే ముందు శాస్త్రం అడ్డు నిలిచింది.

"తొందరపడకు, రాజేశం. ఆయన పేరుకు అర్థం తెలుసునా? తోడేలు. అలాంటివాళ్ళ దగ్గర మన బలహీనత చెప్పుకోకూడదు. సమయం చూసి చెబుతాను."

"తోడేలా?" రాజేశం నొసలు ముడిపడింది. "కన్నోళ్ళే వెట్టిండ్రా ఆ పేరు?"

"కన్నవాళ్ళే."

రాజేశం అక్కడే గొంతుక్కూర్చున్నాడు. ముఖంలో భయం లేదు. ఇంటికి వచ్చిన చుట్టంనోట కీడు విన్నవాడిలా ఉన్నాడు.

"అయ్యో పాపం. ఎంతమంది పోయిండ్రో ఏమో."

"ఎవరు పోవడం?"

"ఈ సారుకంటె ముందుగాల పుట్టినోళ్ళు. గట్ల కాకుంటె కన్న కొడుక్కు తోడేలని ఎవలన్న పేరు వెడుతరా? మా తమ్ముడు పెంటయ్య లేడా? వానికంటె ముందు ఇద్దరు దక్కలె. వీడు పుట్టంగనె పెంటకుప్ప మీద పండవెట్టి, పక్కింటి సాయవ్వ తోని తెప్పిచ్చుకొని, ముక్కు కుట్టిచ్చి, పెంటయ్య అని పిలిచింది మా అవ్వ. పెంటను ఎవడు ఎత్తుకపోతడు సార్? గిది గుడ గంతే. సావు అచ్చి, తొంగి సూసి, ఇది తోడేలు గదా అని మర్రిపోవాలె."

శేషాచలం వృకశబ్దం గురించీ, భీమసేనుడి జఠరాగ్ని గురించీ, ఉత్తరదేశపు వీరుల గురించీ తగినంత సేపు ప్రసంగించాడు. రాజేశం మర్యాదగా విని, లేచి, రుమాలు చుట్టుకున్నాడు.

"మీరు సదువుకున్నోళ్ళు. కానీ దక్కక దక్కిన పిల్లగాడు సార్ ఆయన. మనమే అర్సుకోవాలె."

ఆ రోజు నుంచి ఇన్‌స్పెక్టరు మహాశయుడికి జరిగిన ఉపచారాలు ఏ చక్రవర్తికీ జరిగి ఉండవు. అతుకు చూడటానికి అతను మోకాళ్ళ మీద కూర్చోగానే ఇద్దరు మనుషులు గోనెపట్టా పట్టుకుని నీడ చేస్తారు. లేవగానే తడిపిన ఎర్ర తువ్వాలు నెత్తిన పడుతుంది. నీళ్ళ టాంకరు తోలే హైదరాబాదు లియాఖత్ అలీ పల్చటి లబన్, అంటే అక్కడి మజ్జిగ, తెచ్చి, అందులో ఉప్పు, తరిగిన ఉల్లిపాయ వేసి గ్లాసు చేతికిస్తాడు. తాగేదాకా రాజేశం ఎదురుగా నిలబడే ఉంటాడు, మందు మింగించే తల్లిలాగ. ఉల్ఫ్ మొదటి గ్లాసు మర్యాదకు తాగాడు. రెండోది అడిగి తాగాడు.

"వీళ్ళు అందరినీ ఇలాగే చూస్తారా?" అని శేషాచలాన్ని అడిగాడు.

"లేదు. మీ పేరును బట్టి..." శేషాచలం తడబడ్డాడు.

రాజేశం అందుకున్నాడు. "అడుగుండ్రి సార్. ఆయనకంటె ముందు ఎంతమంది పోయిండ్రో."

అడగకపోతే రాజేశం కదలడు. అడిగితే ఏమవుతుందో నిఘంటువులో లేదు. ఆ ప్రశ్నకు శేషాచలం ఎన్ని పట్టుబట్టలు కట్టగలడో అన్నీ కట్టి, ప్రాచీన ఆచారాలని, మాతృహృదయమని, నామకరణ రహస్యమని దీర్ఘంగా ఇంగ్లీషులో నివేదించాడు. ఉల్ఫ్ నెత్తిన తువ్వాలుతోనే శ్రద్ధగా విన్నాడు.

"ఎవరూ పోలేదు. ఒక అక్క ఉంది, చెప్పుల దుకాణంలో పనిచేస్తుంది. నేను పుట్టిన కాలంలో మా ఊళ్ళో సగంమంది మగపిల్లలకు ఇదే పేరు. నా తరగతిలోనే నలుగురు ఉల్ఫ్‌లం. ఒకడు పళ్ళ డాక్టరు, ఒకడు పడవలు బాగుచేస్తాడు, ఒకడు లెక్కల మాస్టారు. ఇప్పటివరకు ఎవరూ ఎవర్నీ కరవలేదు." కొంచెం ఆలోచించి అన్నాడు. "మా దేశంలో ఉల్ఫ్ అనగానే ఎవరికీ తోడేలు తట్టదు. వేళకు బస్సెక్కే మనిషి తడతాడు."

ఒక్క వాక్యంతో భీమసేనుడు బస్సెక్కి వెళ్ళిపోయాడు. శేషాచలం ఆ వార్తను తెలుగులో చెప్పాడు. రాజేశం మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"కన్నోళ్ళు పిల్లలకు చెప్పరు సార్. చెప్తె దిగులువడుతరని."

ఒకే పేరు మీద పండితుడూ మేస్త్రీ ఇద్దరూ పొరబడ్డారు. ఇద్దరిలో మేస్త్రీ పొరపాటే పనికొచ్చింది. ఎందుకంటే ఉల్ఫ్ తువ్వాలు తీసి, పిండి, చూస్తూ అడిగాడు. "ఇంత కంగారు పడుతున్నారంటే, ఇక్కడ ఎవరో ఎండకు పడిపోయి ఉండాలి."

దాన్ని అనువదించనక్కరలేదు. అడిగింది శేషాచలాన్నే. రాజేశానికి భాష తెలియకపోయినా, ప్రశ్న ఎటు తిరిగిందో తెలిసినట్టు శేషాచలం ముఖంకేసి చూశాడు. సమయం చూసి చెబుతానన్న మనిషికి సమయమే వచ్చి ఎదురుగా నిలబడింది.

"మొన్న ఒకతను పడ్డాడు," అన్నాడు శేషాచలం. "అదిగో, గ్రైండర్ దగ్గర. పేరు హన్మాండ్లు. మళ్ళీ పడితే లేవడని వీళ్ళ భయం. మీకు అప్పుడే చెప్పమన్నారు. నేను చెప్పలేదు."

ఉల్ఫ్ చేతితొడుగు తీసి అరచెయ్యి పైపు మీద ఆనించాడు. వెంటనే తీసేసుకుని, ఎర్రబడ్డ చేతిని చూసుకున్నాడు. కాలువలోకి దిగి, అక్కడ నిలబడి గట్టు మీది పైపు అడుగంచు అరగదీస్తున్న హన్మాండ్లు పక్కన గట్టుకు వీపు ఆనించి కూర్చున్నాడు. గాలి ఆడని ఆ గుంతలో, పైన పైపులు సెగలు కక్కుతూ ఉంటే, పని జరుగుతున్నంతసేపూ, ఎండ వాలేదాకా అక్కడే ఉన్నాడు. హన్మాండ్లు గ్రైండర్ ఆపినప్పుడల్లా లబన్ గ్లాసు అతని వైపు జరిపాడు. ఒకసారి హన్మాండ్లు కూడా తన తువ్వాలు తడిపి అతని మెడ మీద వేశాడు.

అటుగా వెళుతున్న వ్యాను ఆగింది. ఎర్ర తువ్వాలు కప్పుకుని ఉల్లిపాయ నములుతున్న తోడేలును చూసి ఆనందరావు కడుపారా నవ్వుకుంటూ పోయాడు.

మర్నాడు పొద్దున ఉల్ఫ్ తానే ఆనందరావు దగ్గరికి వెళ్ళాడు. శేషాచలం వెంట ఉన్నాడు. ఇవాళైనా తోడేలు అరుస్తుందేమోనని ఆయన హృదయంలో ఏ మూలో ఒక ఆశ. ఉల్ఫ్ టోపీ తీసి, తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు.

"మిస్టర్ రావ్, నన్ను క్షమించాలి. మాది మంచు దేశం. ఈ ఎండ నావల్ల కావడం లేదు. పదకొండు దాటితే తల తిరుగుతోంది, సన్నటి పగుళ్ళు కంటికి ఆనడం లేదు. మూడింటిదాకా నేను అతుకులు చూడలేను. నా కళ్ళెదుట బిగించని అతుకు, మీకు తెలిసిందే, పాతిపెట్టకూడదు."

ఆనందరావు వాదించడానికి నోరు తెరిచాడు. జబ్బుమనిషితో ఏమని వాదిస్తాడు? షరతు షరతే. ఆ మధ్యాహ్నం నుంచి కాలువ మీద పని నిలిచిపోయింది. మనుషులు పైపుల కింద నీడలో వరసగా పడుకున్నారు. కంపెనీ క్లబ్బులో మాత్రం ఆ వారమంతా వేరే కథ లేదు. ఆడవాళ్ళ మాదిరి తువ్వాలు కప్పుకునే ఇన్‌స్పెక్టరట, ఉల్లిపాయ వాసన చూపిస్తే గాని లేవడట. శేషాచలం ఆ నవ్వుల మధ్య తల వంచుకుని కూర్చున్నాడు. అవమానం ఉల్ఫ్‌ది కాదు, నిఘంటువుది.

రెండు రోజుల తరువాత, మనుషులు నిద్రపోతున్న వేళ, షెడ్డు కిటికీలోంచి శేషాచలానికి దూరంగా ఏదో కదిలినట్టు కనిపించింది. గొడుగు వేసుకుని వెళ్ళాడు. కాలువ చివర, మనుషులెవరూ లేనిచోట, ఉల్ఫ్ నెత్తిన ఏమీ లేకుండా మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. అద్దం లోపల పెట్టి, టార్చి తిప్పుతూ, పొద్దున అతికిన వాటిని చూసుకుంటున్నాడు. బొటనవేలు గోరుతో అతుకు వెంబడి నెమ్మదిగా రాస్తున్నాడు. వెంట్రుకవాసి పగులు దగ్గర గోరు ఆగింది. సుద్దతో గీత పెట్టాడు.

"ఎండలో పగుళ్ళు కనబడవన్నారు," అన్నాడు శేషాచలం.

"కనబడతాయి."

"తల తిరుగుతుందన్నారు."

"నా తల బాగానే ఉంది." ఉల్ఫ్ అద్దం తుడుచుకున్నాడు. "ఆ మనుషుల తలల గురించి మాట్లాడితే మిస్టర్ రావ్‌కు వాదించడానికి వంద మాటలు దొరుకుతాయి. నా తల గురించి మాట్లాడితే ఒక్కటీ దొరకదు. నా తల ఆయన కింద పనిచేయదు."

"కాని మిమ్మల్ని చూసి అందరూ నవ్వుతున్నారు."

"నవ్వితే ఎవరికీ ఎండదెబ్బ తగలదు," అని ఉల్ఫ్ తరువాతి అతుకు దగ్గరికి మోకాళ్ళ మీదే జరిగాడు.

శేషాచలం అక్కడే నిలబడిపోయాడు. మహావీరుల బిరుదావళులు ఆయనకు కంఠోపాఠం. శత్రువులను చీల్చినవారు, సముద్రాలు దాటినవారు, సింహాల నోళ్ళు తెరిచినవారు. తనను తాను అర్భకుడని చాటించుకుని ముఠాను నిద్రపుచ్చినవాడికి ఏ బిరుదు ఉందో గుర్తుకు రాలేదు. గొడుగు ముడిచి చంకన పెట్టుకుని, ఎండలోనే వెనక్కి నడిచాడు.

శుక్రవారం సెలవు. ఆనందరావు శేషాచలం క్వార్టరుకు వచ్చాడు. లలితకుమారి ఉప్మా పెట్టింది. ఆయన రెండుసార్లు వడ్డించుకుని, కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకుని, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"శేషాచలం గారూ, మనం మనం ఒక్కచోటివాళ్ళం. ఒక్క మాట నిజం చెప్పండి. ఆ స్వీడనాయనకు నిజంగానే ఎండ పడదా?"

"ఏం, ఎందుకు వచ్చింది అనుమానం?"

"మధ్యాహ్నం పూట ఎవరో కాలువ చివర తిరుగుతున్నారని మా డ్రైవరు అంటున్నాడు. జబ్బే అయితే చేసేదేమీ లేదు, ఇంకో ఇన్‌స్పెక్టరు చలికాలం దాకా దొరకడు. నాటకమైతే మాత్రం రేపే కంపెనీకి చెబుతాను. రోజంతా నిలబడమంటారు. ఆయన నిలబడితే మా వాళ్ళూ నిలబడతారు. ఆయన పక్కన ఉండేది మీరు. మీ మాట చాలు."

ఆనందరావు నవ్వాడు.

"నాకు అనుమానం కలిగించింది కూడా మీరే లెండి. తోడేలన్నారు, భీముడన్నారు. మీ శాస్త్రం ఎప్పుడు తప్పింది గనక? అంతటివాడు తువ్వాలు కప్పుకుంటాడా? మీరు చెప్పిన మాటే నిజమని నేనంటాను. ఆ మనిషి గట్టివాడు. ఔనా, కాదా?"

ఇంతకంటే మధురమైన ప్రశ్న శేషాచలాన్ని జీవితంలో ఎవరూ అడగలేదు. ఔనంటే చాలు. శాస్త్రం గెలుస్తుంది, ఉల్ఫ్ పరువు నిలుస్తుంది, క్లబ్బులో నవ్వులు ఆగిపోతాయి. అది అక్షరాలా సత్యం కూడా. ఆయన గొంతు సవరించుకున్నాడు. వంటింటి గుమ్మంలో లలితకుమారి చేతిలో పళ్ళెంతో ఆగింది. జరిగిందంతా ఆవిడకు తెలుసు.

"ఆనందరావు గారూ," అన్నాడు, "పొరపాటు నాది. నిఘంటువులో పక్క మాట చూశాను. తరువాత సరిచూసుకున్నాను. ఉల్ఫ్ అంటే తోడేలు కాదు."

"మరి?"

"గొర్రె."

ఆనందరావు గ్లాసు కింద పెట్టాడు.

"మెత్తటి శరీరాలవాళ్ళకు పెడతారట ఆ పేరు," అని శేషాచలం, పాపంలో దిగినవాడు మోకాలిదాకా ఎందుకని, మెడదాకా దిగాడు. "పుట్టినప్పుడే వైద్యులు చెబుతారట, వేడి పడదని. ఆ తిరుగుతున్నది కూడా వాంతికి వెళ్ళడమేనండీ. నేను పక్కన గొడుగు పట్టుకుంటాను. చూడలేం."

ఆనందరావు నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయాడు. కళ్ళు తుడుచుకుంటూ లేచాడు. "గొర్రెను పట్టుకుని భీముడన్నారా మహానుభావా. ఇక మా అబ్బాయికి మీరు చెప్పిన పేరు కూడా ఇంకెవరికైనా చూపించుకోవాలి. వస్తాను చెల్లెమ్మా." మెట్లు దిగుతున్నంతసేపూ నవ్వు వినిపిస్తూనే ఉంది. ఆ నవ్వు సాయంత్రానికి క్లబ్బు చేరుతుందనీ, ఇకమీదట క్వార్టర్లలో ఎవరూ తనను పేరుకు అర్థం అడగరనీ శేషాచలానికి తెలుసు.

లలితకుమారి ఖాళీ గ్లాసులు తీసింది.

"మొన్నటిదాకా తోడేలే కదండీ?"

"ఇప్పుడూ తోడేలే."

"మరి?"

"పదకొండు నుంచి మూడింటిదాకా గొర్రె."

ఆవిడ నవ్వలేదు. లోపలికి వెళ్ళి, ఆయన ఇంకో కాఫీ అడగకుండానే పెట్టి తెచ్చింది.

శనివారం పొద్దున, జీపులో, శేషాచలం ఉల్ఫ్‌కు తాను చేసిన నిర్వాకం చెప్పుకున్నాడు.

"మా అమ్మమ్మకు గొర్రెలుండేవి," అన్నాడు ఉల్ఫ్. "కష్టజీవులు." కొంతదూరం పోయాక అడిగాడు. "మీకు ఇబ్బంది అయిందా?"

"కొంచెం," అన్నాడు శేషాచలం.

మధ్యాహ్నం కాలువ మీద చప్పుడు లేదు. పైపుల కింద వరసగా కాళ్ళు కనబడుతున్నాయి. హన్మాండ్లు నోరు తెరిచి గురక పెడుతున్నాడు. ఆనందరావు డ్రైవరు కనిపెట్టి చూస్తుంటాడని ఉల్ఫ్ ఆ రోజు కాలువ చివరికి వెళ్ళకుండా వాళ్ళ మధ్యే తడిగుడ్డ ముఖం మీద కప్పుకుని పడుకున్నాడు. షెడ్డులో ఫ్యాను వదిలి వచ్చిన శేషాచలం పక్కన కూర్చున్నాడు. రాజేశం ఆయనకూ ఒక తువ్వాలు తడిపి ఇచ్చాడు.

గట్టు మీద వ్యాను నెమ్మదించింది. అద్దం దిగింది. లోపలి నుంచి ఎవరో గొర్రెలాగ దీర్ఘంగా, కళాత్మకంగా అరిచారు.

శేషాచలం లేవబోయాడు. ఉల్ఫ్ తడిగుడ్డ కొద్దిగా ఎత్తి, వ్యానుకేసి మర్యాదగా తల పంకించి, మళ్ళీ కప్పుకున్నాడు. హన్మాండ్లు అటు నుంచి ఇటు ఒత్తిగిలి, గురక కొనసాగించాడు.